ఏడో నంబరు టీచర్

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు రేడియో మేడం. ఆ సంగతి ఆమెకు తెలుసు. కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వపడింది కూడా. తన గొంతు ఆఖరి బెంచీ దాకా ఖంగుమని వినిపిస్తుందని, అందుకే ఆ పేరు వచ్చిందని ఆమె అనుకునేది. ఇరవై రెండేళ్లుగా అదే బడిలో సైన్సు చెబుతోంది. అందులో చివరి ఎనిమిదేళ్లు, పాఠాలు చెబుతూనే, ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. పాఠం ఎలా చెప్పాలో పాఠాలు చెప్పేవాళ్లే చదువుకునే చదువన్నమాట.

ఆ చదువు మొదటి మూడేళ్లు ఉత్సాహంతో నడిచింది. తర్వాతి రెండేళ్లు పంతంతో నడిచింది. ఆ తర్వాత దేనితో నడిచిందో ఆమెకే తెలియదు. “మీ థీసిస్ ఎందాకా వచ్చింది?” అని ఎవరైనా అడిగితే “వస్తోంది” అనేది. అడిగేవాళ్లు కూడా మర్యాదకే అడిగేవాళ్లు గనుక అంతటితో సరిపోయేది. సంతోషం, దుఃఖం, చిరాకు, ఇవన్నీ థీసిస్ అయ్యాక చూసుకోవచ్చులే అని ఓ పక్కన పెట్టింది. పెట్టిన చోటు మర్చిపోయింది.

బడిలో ఆమె చోటు ల్యాబ్ వెనక ఉన్న ఇరుకు గది. ఒక పక్క చేతులు కడుక్కునే తొట్టి, ఇంకో పక్క పగిలిన గాజు సామాను దాచే అలమర, మధ్యలో ఒక ఎత్తు స్టూలు. ఖాళీ పీరియడ్లలో ఆ స్టూలెక్కి కాళ్లు వేలాడేసుకుని రాసేది. అరగంటకల్లా ఎడమ కాలు తిమ్మిరెక్కేది. మొదట్లో కిందికి దిగి, విదిలించుకుని, మళ్లీ ఎక్కేది. రానురాను అది తన కాలే కానట్టు వదిలేసింది. గంట కొట్టాక చేత్తో పట్టుకుని దింపుకునేది.

ఇంట్లోనూ అంతే. ఇంటాయన నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. ఆయన మితభాషి అని అందరూ అంటారు. పెళ్లయిన కొత్తలో చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. పొద్దున్నే ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆమె వాకిట్లోంచి అడిగేది.

“రాత్రి నిద్ర పట్టిందా? పట్టకేం, గురక వినిపించిందిగా. గొడుగు పెట్టుకున్నారా? ఆ, పెట్టుకునే ఉంటారు.”

ఆయన నోరు సగం తెరిచి, మళ్లీ మూసుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చి వెళ్లిపోయేవాడు. గొడుగు తలుపు వెనకే ఉండేది.

ఇక ఆమె పరిశోధన సంగతి. క్లాసులో టీచరు ప్రశ్న అడుగుతుంది. అడిగాక పిల్లలు జవాబు చెప్పడానికి ఎన్ని సెకన్లు ఆగుతుంది? ఆగితే ఏమవుతుంది, ఆగకపోతే ఏమవుతుంది? ఇంతే. ఈ పాటి దానికి ఎనిమిదేళ్లా అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు ఏ పిల్లవాడినైనా ఓ ప్రశ్న అడిగి, మనసులో అయిదు లెక్కపెట్టి చూడాలి. ఆ అయిదు సెకన్లూ ఎంత పొడుగో అప్పుడు తెలిసొస్తుంది.

నాలుగేళ్ల కిందట ఆ బడిలోనే ఎనిమిది మంది టీచర్లను ఎంచుకున్నారు. ఒక్కొక్కరి క్లాసులో అయిదేసి పీరియడ్లు, యూనివర్సిటీ నుంచి వచ్చిన ఇద్దరు విద్యార్థులు ఆఖరి బెంచీలో కూర్చుని, గీతలు కొట్టిన కాగితాల మీద గుర్తులు వేశారు. ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు, తర్వాత ఎవరు మాట్లాడారు, ఏ బెంచీలోంచి మాట్లాడారు. మాటలు రాయలేదు, అంకెలే. అసలు ఎనిమిదో మనిషి తెలుగు మాస్టారు. ఆయనకు ఉన్నట్టుండి బదిలీ అయింది. అప్పుడు ఆమె గైడు, యూనివర్సిటీలో ఆమె పరిశోధనను నడిపించే పెద్దాయన, ఒక ఉపాయం చెప్పాడు.

“ఎనిమిదోవారిగా మీరే కూర్చోండమ్మా. పేర్లు నేను తీసేసి నంబర్లు వేస్తాను. ఎవరు ఎవరో మీకూ తెలియదు. పక్షపాతం అన్న గొడవే ఉండదు.”

ఏ నంబరు ఎవరిదో ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అతికించి, తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. థీసిస్ అప్పగించే వారం విప్పుదామన్నాడు.

తెలియకుండా ఉండడం అంటే ఊహించకుండా ఉండడం కాదు కదా. మూడో నంబరు అంకెలు చూడగానే ఆమెకు అర్థమైపోయింది, ఇది తానే అని. ప్రశ్న అడిగాక సగటున ఆరు సెకన్ల మౌనం. అన్ని బెంచీల నుంచీ జవాబులు. పిల్లలే తిరిగి ప్రశ్నలు వేయడం. ఇరవై రెండేళ్ల అనుభవం మరి, ఊరికే పోతుందా! మూడో నంబరు గురించి పదకొండు పేజీలు రాసింది. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది.

ఏడో నంబరుకు నాలుగు పేజీలు. ఆ నాలుగింటికి ఆమె పెద్దగా కష్టపడలేదు, అంకెలే తిట్టిపోశాయి. అయిదు పీరియడ్లలో రెండు వందల పన్నెండు ప్రశ్నలు. ఆగింది సగటున ఒక్క సెకను కూడా లేదు. నూట డెబ్భై ఒక్క ప్రశ్నలకు జవాబు చెప్పింది టీచరే. మిగిలినవాటికి చెప్పింది మొదటి రెండు బెంచీలవాళ్లు. చివర్లో ఆమె ఒక వాక్యం రాసింది. ‘ఈ తరగతిలో పిల్లలు ఒక్కరూ లేకపోయినా పాఠం ఆగదు.’ యూనివర్సిటీ సెమినార్లో ఆ వాక్యం చదివినప్పుడు హాలంతా గొల్లుమంది. గైడుగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అది రెండేళ్ల కిందటి మాట. ఆఖరిసారి తనకు హాయిగా అనిపించింది ఆ రోజేనని ఆమెకు గుర్తు.

మర్నాడు స్టాఫ్‌రూంలో కూడా ఆ వాక్యం చెప్పింది. పేరు చెప్పలేదు, ఆమెకూ తెలియదుగా. కానీ స్టాఫ్‌రూం అంటే మామూలు చోటా! టీ చల్లారేలోపు తేల్చేశారు. ఏడో నంబరంటే సోషల్ టీచరే. ఆవిడ అప్పటికి రెండేళ్ల కిందటే వేరే బడి నుంచి వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి. పుస్తకంలోంచి తలెత్తకుండా పాఠం చెబుతుందని ప్రతీతి. ఇంకేం, సరిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ పేరు ఏడో నంబరు. “ఏడో నంబరు వచ్చిందా?” “ఏడో నంబరుకి రేపు సెలవట.” ఆఖరికి గంట కొట్టే అటెండరు కూడా అదే అనేవాడు. ఒకరోజు ఆవిడ క్లాసుకు వెళ్లేసరికి బోర్డు నిండా పెద్ద ఏడు గీసి ఉంది. తుడిచేసి పాఠం మొదలుపెట్టిందట. కొన్నాళ్లకు ఆవిడ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని స్టాఫ్‌రూంకి రావడం మానేసి, మ్యాపులు దాచే గదిలో తినడం మొదలెట్టింది.

ఒకే ఒక్కసారి ఆవిడ సైన్సు టీచర్ని ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగింది.

“మేడం, ఆ ఏడో నంబరు నేనేనా?”

“అది చెప్పకూడదండీ, పరిశోధన పద్ధతి ఒప్పుకోదు. ఎందుకు అడుగుతున్నారు, బాధపడ్డారా? లేదులెండి, మీరలాంటివి పట్టించుకునే మనిషి కాదు.”

సోషల్ టీచర్ ఇంకో క్షణం అక్కడే నిలబడి, తలూపి వెళ్లిపోయింది. సైన్సు టీచర్‌కి ఆ పీరియడ్లో ఆమ్లాలూ క్షారాలూ ఉన్నాయి.

ఇక ఆఖరి వారం వచ్చింది. రిజిస్ట్రేషన్ గడువు రెండుసార్లు పొడిగించారు, మూడోసారి కుదరదన్నారు. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా థీసిస్ ఆఫీసులో ఇవ్వకపోతే ఎనిమిదేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే. సోమవారం పొద్దున ఆమె యూనివర్సిటీకి వెళ్లింది. థీసిస్ చివర జతచేయాల్సిన కాగితాల్లో ఆ నంబర్ల జాబితా కూడా ఉండాలి, పరీక్షకులు మాత్రమే చూసేలా. గైడుగారు బీరువా తీసి కవరు చేతిలో పెట్టి, మీటింగు ఉందని వెళ్లిపోయాడు. ఆమె వరండాలో మంచినీళ్ల కుళాయి పక్కన బెంచీ మీద కూర్చుని విప్పింది.

మూడు: లెక్కల మాస్టారు. అయిదు: సోషల్ టీచర్. ఏడు: పరిశోధకురాలు.

మళ్లీ చదివింది. గైడుగారికి ఏడు రాస్తే మధ్యలో అడ్డగీత కొట్టే అలవాటు. ఒకటిని ఏడు అనుకోవడానికి వీల్లేదు. కాగితం నాలుగు మడతలుగా ఉంది, మడతల దగ్గర సిరా కాస్త వెలిసింది. ఆమె ఇవన్నీ శ్రద్ధగా చూసింది. గుండెల్లో రాయి పడాలి కదా, పడలేదు. సిగ్గుతో చచ్చిపోవాలి, అదీ లేదు. చీమ కుట్టినట్టయినా లేదు. కుళాయి కట్టేయకుండా ఎవరో వెళ్లిపోతే లేచి కట్టేసి వచ్చింది.

మీటింగు నుంచి వచ్చిన గైడుగారు జాబితా చూసి ముందు చిన్నగా నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు.

“చూడండమ్మా, పరిశోధన చేసేవారే అందులో ఒకరుగా ఉండడం అసలు పద్ధతి కాదు. తప్పు నాదే. ఏడో నంబరు తీసేద్దాం. ఏడుగురు మిగులుతారు, చాలు. పట్టికలు మార్చడం ఒక్కరోజు పని. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు.”

“అలాగే సార్. మరి మూడో నంబరు పేజీలు ఉంచొచ్చా? ఉంచొచ్చులెండి.”

ఆ మాట అంటూండగా ఆమె చూసింది. గైడుగారి నోరు సగం తెరుచుకుంది. తర్వాత మూసుకుంది. ఆ సగం తెరుచుకున్న నోరు తనకు బాగా తెలిసినదే. రోజూ పొద్దున వాకిట్లో చూస్తూనే ఉంది. ఎనిమిదేళ్లుగా గైడుగారి దగ్గరా చూస్తూనే ఉండి ఉంటుంది.

మంగళవారం ల్యాబ్ గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఏడో నంబరు పేజీలు నాలుగూ తీసేసింది. ఒక్క మీట నొక్కితే పోయాయి. పట్టికల్లో ఎనిమిది అన్నచోటల్లా ఏడు చేసింది. ఎనిమిదిని ఏడైతే చేసింది కానీ, బయట వరండాలో ఎవరో “ఏడో నంబరు మేడం రిజిస్టరు అడుగుతోంది” అని అరవడం వినిపించింది. థీసిస్‌లోంచి తీసేస్తే పోతుంది గానీ స్టాఫ్‌రూంలోంచి ఎలా పోతుంది? ఆ ప్రశ్న ఆమెకు వచ్చింది. ప్రశ్నతో పాటే జవాబూ వచ్చింది, పాపం ఆవిడకి అలవాటైపోయి ఉంటుందిలే అని. మళ్లీ పనిలో పడింది.

చివరి కాగితాల్లో ఎనిమిది మంది సంతకాలు చేసిన ఒప్పుకోలు పత్రాలు ఉన్నాయి. వాటి అడుగున ఆమె తన చేత్తోనే రాసిన మాట: ‘థీసిస్ అప్పగించే వారంలో మీ ఫలితం మీకు విడిగా తెలియజేస్తాను.’ రాసిన మాట గనక చెయ్యాలి. కాలు చేత్తో దింపుకుని, ముందుగా లెక్కల మాస్టారి దగ్గరికి బయల్దేరింది.

ఆయన్ని అందరూ ఆవులింత మాస్టారంటారు. పొద్దున అసెంబ్లీలో మొదటి ఆవులింత, సాయంత్రం గేటు దగ్గర ఆఖరిది. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. తొమ్మిదో తరగతి గదిలో ఒక్కడే కూర్చుని పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటున్నాడు.

“మాస్టారూ, నా పరిశోధనలో అందరికన్నా బాగా చెప్పింది మీరే. ప్రశ్న అడిగి ఆరు సెకన్లు ఆగుతున్నారు. అలా ఎవరూ ఆగరు. ఎక్కడ నేర్చుకున్నారు? అనుభవంలెండి.”

ఆయన ఎర్ర పెన్ను మూత పెట్టి ఆమె వంక చూశాడు. చెవి కాదు, కళ్లు పెట్టి వింటున్నట్టు చూశాడు. తర్వాత గట్టిగా నవ్వాడు.

“అనుభవం కాదు తల్లీ, చెవుడు! ఎడం చెవి పూర్తిగా పోయి పదేళ్లయింది, కుడిది సగం. పిల్లలు ఏం చెప్పారో నాకు ఓ పట్టాన వినపడదు. అందుకని అడిగేసి వాళ్ల మొహాలే చూస్తూ నిలబడతా. పెదాలు కదిలాయా లేదా, కదిలితే ఎవరివి కదిలాయి. ఎవడైనా రెండోసారి చెప్పేదాకా కదలను. హెడ్మాస్టరుకి చెప్పకు, ఇంకో రెండు నెలలే.”

ఆమెకు నవ్వు రావాల్సింది. పదకొండు పేజీలు. ‘అపారమైన బోధనానుభవం నుంచి పుట్టిన సహనం’ అని రాసింది ఆ పేజీల్లో.

“మరి నీ నంబరెంత?” అన్నాడు మాస్టారు.

“నాదా, నాదేముంది మాస్టారూ, మామూలే...” అంది.

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. ఆమె పెదాలే చూస్తూ కూర్చున్నాడు. అది మర్యాద కాదు, గద్దింపూ కాదు. వినపడేదాకా ఆగడం, అంతే. కిటికీ బయట ఎవరో బంతి గోడకేసి కొడుతున్నారు. ఆమె ఒకటి, రెండు అని తెలియకుండానే లెక్కపెట్టింది. తొమ్మిది దాకా వచ్చింది.

“ఏడు.”

“ఎంత?”

“ఏడు, మాస్టారూ.”

ఆయన తల పంకించాడు. పుస్తకాలన్నీ సర్ది దొంతరగా పెట్టాడు.

“మరి ఆ అమ్మాయిని అందరూ అలా పిలుస్తున్నారేం?”

 గంట కొట్టగానే మాస్టారు ఆవులించి లేచాడు.

బుధవారం ఆమె నాలుగు పేజీలూ మళ్లీ ఎక్కించింది. పట్టికల్లో ఏడుని మళ్లీ ఎనిమిది చేసింది. ధైర్యం వచ్చి చేసిందా అంటే అదేం కాదు. లోపల ఏమీ లేనప్పుడు ధైర్యం మాత్రం ఎక్కణ్నుంచి వస్తుంది! ఇలా చెయ్యాలని మాత్రం తెలుసు, చేసింది. ఏడో నంబరు పేజీల కింద చిన్న అక్షరాల్లో ఇంకో మూడు వాక్యాలు చేర్చింది. ఏడో నంబరు ఈ పరిశోధకురాలే. తాను మూడో నంబరునని నమ్మి ఈ అధ్యాయం రాసింది. రాసినదాంట్లో ఒక్క మాట కూడా మార్చలేదు.

గైడుగారు ఆ మూడు వాక్యాలూ చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఇది ఉరితాడు మీరే పేనుకోవడం. పక్షపాతం లేకుండా నంబర్లేశామని మొదటి అధ్యాయంలో రాశాం. అయిదో అధ్యాయంలో మీరే పక్షపాతం ఉందని ఒప్పుకుంటున్నారు. పరీక్షకులు వెనక్కి పంపిస్తారు. గడువైపోయాక వెనక్కొస్తే ఇంక డిగ్రీ లేనట్టే. ఎనిమిదేళ్లమ్మా!”

“పంపించొచ్చు సార్” అంది. అని, తర్వాత ఇంకో మాట నోటిదాకా వచ్చినా ఊరుకుంది. గైడుగారు చెప్పడానికి ఇంకేమైనా ఉందేమోనని చూసింది. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

“మీతో ఎప్పుడూ ఒకటి చెబుదామనుకునేవాణ్ని,” అన్నాడు చివరికి. “మూడో నంబరు మీరు కాదని నాకు మొదట్నుంచీ తెలుసు. రెండు మూడుసార్లు ఎత్తాను కూడా. మీరు వినిపించుకోలేదు.”

సంతకం పెట్టి కాగితాలు ముందుకు తోశాడు.

గురువారం ఎనిమిదో తరగతిలో ఆమె ఓ ప్రయత్నం చేసింది. “నీళ్లు మరుగుతున్నప్పుడు పైకొచ్చే బుడగల్లో ఏముంటుంది?” అని అడిగి ఆగింది. ఒకటి. ముందు బెంచీలో చెయ్యి లేచింది, ఆమె చూడనట్టు ఊరుకుంది. రెండు. మూడు. పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. రేడియో ఆగిపోయిందేమిటని అందరికీ కంగారు. నాలుగు. ఆఖరి బెంచీలోంచి ఒక గొంతు జాలిగా అడిగింది.

“జవాబు మర్చిపోయారా మేడం?”

క్లాసంతా పకపకా నవ్వింది. “నీటి ఆవిరి” అని ఆమె నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. పాఠం యథాప్రకారం సాగిపోయింది. తనకు రేడియో అన్న పేరు ఎందుకు పెట్టారో మాత్రం ఆ పూట అర్థమైంది.

శుక్రవారం పొద్దున ఒక పూట సెలవు పెట్టి వెళ్లి థీసిస్ ఇచ్చేసింది. కౌంటరు అవతల మనిషి అయిదు ప్రతులూ లెక్కచూసుకుని, ముద్రేసి, చీటీ చింపి ఇచ్చాడు. పదకొండూ ఇరవై అని టైము కూడా వేశాడు. ఎనిమిదేళ్లు అయిపోయాయి. మెట్ల మీద నిలబడి ఏమైనా అనిపిస్తుందేమో అని చూసుకుంది. బస్సు వస్తోందని మాత్రం అనిపించింది. ఎక్కేసింది.

బడికి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. ఆమె నేరుగా మ్యాపుల గదికి వెళ్లింది. అందులోకి వెళ్లడం అదే మొదటిసారి. గోడల వెంట చుట్టిపెట్టిన మ్యాపులు, మధ్యలో కాలు విరిగితే ఇటుక పెట్టిన బల్ల. దాని మీద క్యారేజీ విప్పుకుని సోషల్ టీచర్ ఒక్కతే తింటోంది. ఈమెను చూసి చెంచా కింద పెట్టింది.

“ఏడో నంబరు మీరు కాదండీ. నేను. సోమవారమే తెలిసింది. మీది అయిదు. మీరు మూడేసి సెకన్లు ఆగుతారు, పిల్లలు మీ క్లాసులో బాగానే మాట్లాడతారు. థీసిస్‌లో ఏడంటే నేనేనని రాసిచ్చాను. ఇప్పుడు స్టాఫ్‌రూంలో కూడా చెబుతాను.”

ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నోటీసు చదివినట్టే ఉంది, ఆ సంగతి ఆమెకూ వినిపించింది. సోషల్ టీచర్ మొహంలో ఏ మార్పూ లేదు.

“అప్పుడు మిమ్మల్ని ఒకటి అడిగాను,” అంది సైన్సు టీచర్. “బాధపడ్డారా అని.”

‘లేదులెండి’ అన్నది నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇరవై రెండేళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది? పళ్లు బిగించి ఆపింది.

ఒకటి. రెండు. మూడు. సోషల్ టీచర్ క్యారేజీ మూత వెతికింది. ఆరు. మూత పెట్టి నొక్కింది, ఒక పక్క లేచింది, మళ్లీ నొక్కింది. పది. పదకొండు. మాస్టారి ఆరు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. ఇంతసేపు ఎవరి కోసమూ ఆగలేదు ఆమె, ఇంటాయన కోసం కూడా. పదిహేడు. సోషల్ టీచర్ చెంచాని కాగితంతో తుడిచింది, తుడిచిందాన్నే ఇంకోసారి తుడిచింది. ఇరవై మూడు.

“పడ్డాను,” అంది.

సైన్సు టీచర్ నోరు తెరవలేదు.

“ఆ రోజు అది చెబుదామనే వచ్చాను. మీరు ఆమ్లాల క్లాసుకి వెళ్లిపోయారు.” ఆవిడ బల్ల వంకే చూస్తూ మాట్లాడుతోంది. “పాత బడిలో నా క్లాసంటే పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్లు మేడం. నేను ఎక్కువ మాట్లాడను గనక వాళ్లే మాట్లాడేవాళ్లు. ఏడో నంబరన్నాక, నేను ఏం అడిగినా తప్పుగానే అడుగుతున్నానేమో, సరిగ్గా ఆగడం లేదేమో అని భయం పట్టుకుంది. బోర్డు మీద ఆ అంకె చూసిన రోజు నుంచి అడగడమే మానేశాను. రెండేళ్లయింది. పుస్తకం విప్పుతాను, చదువుతాను, మూస్తాను. క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.”

పిల్లలు ఒక్కరూ లేకపోయినా పాఠం ఆగదు. హాలంతా నవ్వింది. గైడుగారు కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు వచ్చింది నొప్పి. స్టూలు దిగి కాసేపటికి కాల్లోకి నెత్తురు పారినప్పుడు సూదులు గుచ్చినట్టుంటుందే, అలా వచ్చింది, కాల్లో కాదు. ఎనిమిదేళ్లుగా ఓ పక్కన పెడుతూ వచ్చినవన్నీ ఒక్కసారిగా దొరికినట్టయింది ఆమెకు. ఒక మ్యాపుల పెట్టె జరుపుకుని దానిమీద కూర్చుంది. క్షమించమని అడగాలనుకుంది. అడిగితే మళ్లీ ‘క్షమిస్తారులెండి’ అని తానే అనేస్తుందేమోనని భయపడి అడగలేదు.

బయట గంట కొట్టారు. ఆమెకు ఎనిమిదో తరగతి ఉంది, ఆవిడకి ఏడో తరగతి.

“ఇంకా ఉందా?” అంది సైన్సు టీచర్.

సోషల్ టీచర్ తలెత్తి, ఈమె నిజంగానే ఆగుతోందో లేదో చూసుకుంది.

“ఉంది,” అంది.